హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం వదలకుండా డాక్టరేట్ చేయొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది. ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇన్‌ఛార్జ్ హెడ్మిస్ట్రెస్‌గా పనిచేస్తున్న టీచరమ్మ. వయసు 39. ఎం.ఎ., ఎం.ఎడ్. చదివారు, ఎం.ఎడ్.లో 53 శాతం మార్కులు. స్కూల్ అడ్మినిస్ట్రేషన్, లీడర్‌షిప్ మీద డాక్టరేట్ చేయాలని ఉంది గానీ ఉద్యోగం వదల్లేరు. ఈలోగా ఎవరో ఫోన్ చేసి, పద్దెనిమిది నెలల్లో ఇంట్లో కూర్చునే విదేశీ డాక్టరేట్ ఇప్పిస్తామన్నారట. అది నమ్మొచ్చా, లేకపోతే అసలు దారి ఏమిటి, ఈ వయసులో ఈ మూలన ఉండి చేస్తే ప్రయోజనం ఉంటుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తానమ్మా. చేయొచ్చు. ఉద్యోగం వదలక్కర్లేదు. మన దేశంలో దీన్ని పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ అంటారు, నిబంధనలు ఒప్పుకుంటాయి. 39 అసలు పెద్ద వయసే కాదు, నేను చేరేనాటికి నాకు 52. కానీ ఆ ఫోన్ చేసినవాళ్ళకి మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇంకొక మాట. దరఖాస్తు నింపే ముందు మీ దగ్గర ఒక ప్రశ్న ఉండాలి. మీ బడి వరండాలో మిమ్మల్ని రోజూ గుచ్చే ప్రశ్న. అది దొరక్కుండా చేరితే నాలుగో ఏడాదికి పుస్తకాలు అటక మీదకు వెళ్ళిపోతాయి. నాతోపాటు చేరినవాళ్ళలో అలా మధ్యలో వదిలేసినవాళ్ళను చూశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను గుణుపురం దాన్ని. ఐదో తరగతి దాకా తెలుగు బడి, ఆ పైన అంతా ఒడియా. 31 ఏళ్ళు ప్రభుత్వ బడుల్లో చేశాను, అందులో చివరి 11 ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా. 2017లో పార్ట్‌టైమ్‌గా చేరాను, 2023లో వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, అయింది. మధ్యలో కరోనా, ఒక గైడు గారి రిటైర్మెంటు, మా అత్తగారి అనారోగ్యం అన్నీ వచ్చాయి.

ఆ ఫోన్ కాల్ సంగతి

యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2022 నవంబరులో పీహెచ్‌డీకి కొత్త నిబంధనలు ఇచ్చింది. అందులో స్పష్టంగా ఉంది: దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ నడపకూడదు. అదే ఏడాది అక్టోబరులో యూజీసీ, సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కలిసి, విదేశీ విశ్వవిద్యాలయాల పేరు చెప్పి కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని జనాన్ని హెచ్చరించాయి కూడా. ఇంకెవరైనా మూడేళ్ళ లోపు ఇస్తామన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. కోర్సువర్కుతో, అంటే పరిశోధనకి ముందు చదవాల్సిన పాఠాలతో, కలిపి కనీసం మూడేళ్ళు పట్టాలని ఆ యూజీసీ నిబంధనల్లోనే ఉంది.

అమెరికాలో ఎడ్.డి. అని ఒకటి ఉంటుంది, డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్. అది దొంగ డిగ్రీ కాదు. అక్కడ బడులు నడిపే ప్రిన్సిపాళ్ళు, సూపరింటెండెంట్లు పని చేసుకుంటూ చదివే గౌరవమైన డిగ్రీ. సరైన చోట చేస్తే తరగతులూ ఉంటాయి, థీసిసూ ఉంటుంది, ఏళ్ళూ పడుతుంది. ఆ పేరు అడ్డం పెట్టుకుని ఇక్కడ సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళు వేరు. శాలువా కప్పి 'గౌరవ డాక్టరేట్' చేతిలో పెట్టి డబ్బు తీసుకునేవాళ్ళు మరీ వేరు. మీ సర్వీసు పుస్తకంలో అవేవీ ఎక్కవు.

మరి మన దగ్గర డిగ్రీ పేరేమిటి?

'స్కూల్ అడ్మినిస్ట్రేషన్ అండ్ లీడర్‌షిప్' అని విడిగా వెతక్కండి, దొరక్క నిరుత్సాహపడతారు. మన విశ్వవిద్యాలయాల్లో మీరు చేసేది పీహెచ్‌డీ ఇన్ ఎడ్యుకేషన్. పరిపాలన, నాయకత్వం అనేవి అందులో మీరు ఎంచుకునే అంశం. ఇదే పనిగా ఉన్న సంస్థ ఢిల్లీలోని నీపా, అంటే జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ. 2006లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. బడుల నాయకత్వం కోసమే 2012లో అక్కడ ఒక జాతీయ కేంద్రం పెట్టారు. వాళ్ళ వెబ్‌సైట్‌లో హెడ్మాస్టర్ల కోసం పెట్టిన పాఠాలు డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు. పీహెచ్‌డీ చేసినా చేయకపోయినా అవి చదవండి.

మన వైపు నుంచి అందుబాటులో ఉన్నవి చెప్పాలంటే బరంపురం విశ్వవిద్యాలయం ఉంది, 1967 నాటిది. భువనేశ్వర్‌లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది. కోరాపుట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. సరిహద్దు దాటితే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. ఏ ఏడాది ఎవరి దగ్గర సీట్లున్నాయి, పార్ట్‌టైమ్ తీసుకుంటున్నారా లేదా అనేది ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూడాలి. నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి విశ్వవిద్యాలయమూ ప్రతి ఏడాదీ పార్ట్‌టైమ్ ఇవ్వాలని లేదు.

విశాఖ మనకి మాట పరంగా దగ్గర, బండి పరంగా కూడా దగ్గరే. మీకు రాయగడ నుంచి విజయనగరం మీదుగా నేరుగా రైలుంది. కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడినా కాగితం మీద మనం వేరే రాష్ట్రం వాళ్ళం. కులాల జాబితాలు రాష్ట్రానికొక రకం, ఒడిశాలో ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని ఆంధ్రాలో రిజర్వేషన్ అడగలేం. మీ ఎం.ఎడ్. మార్కులు 53 శాతం అన్నారు కదా, మీకు ఇది ముఖ్యం. పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవాళ్ళు), దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. మీరు ఆ వర్గాల్లో ఉంటే ఆ సడలింపు మీకు ఒడిశాలో సులువుగా పనికొస్తుంది. అందుకే మీ విషయంలో బరంపురం వైపే ముందు చూడమంటాను.

ప్రవేశం గురించి రెండు ముక్కలు. విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టే పరీక్షలో సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద వస్తాయి. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ స్కోరుతో కూడా పీహెచ్‌డీలోకి తీసుకుంటున్నారు, దానికి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. కేవలం పీహెచ్‌డీ కోసం వచ్చిన ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. కాబట్టి గైడును చూసుకున్నాకే పరీక్ష రాయడం మంచిది.

ఎన్‌ఓసీ

పార్ట్‌టైమ్ వాళ్ళకి ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అది ఊరికే 'అభ్యంతరం లేదు' అంటే సరిపోదు. అందులో మూడు మాటలుండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఇస్తున్నాం, ఈమె విధుల వల్ల పరిశోధనకి తగినంత సమయం దొరుకుతుంది, అవసరమైతే కోర్సువర్కు పూర్తి చేయడానికి విధుల నుంచి రిలీవ్ చేస్తాం.

నాకు మొదటిసారి ఇచ్చిన కాగితంలో మూడో మాట లేదు. నేను గమనించలేదు. విశ్వవిద్యాలయం వాళ్ళు వెనక్కి పంపారు. రెండోసారి ఫైలు మా ఆఫీసులో నాలుగు నెలలు కదల్లేదు. అడిగితే, మూడో మాట రాస్తే తర్వాత సెలవు ఇవ్వాల్సొస్తుందని భయమన్నారు. ఆ నాలుగు నెలల్లో అడ్మిషన్ గడువు దాటిపోయింది, ఒక ఏడాది పోయింది. అందుకని మీ దరఖాస్తులోనే ఆ మూడు వాక్యాలూ మీరే టైపు చేసి, యూజీసీ నిబంధన ఆ పేజీ జిరాక్స్ జతచేసి ఇవ్వండి. సంతకం పెట్టే అధికారికి పని తేలికవుతుంది, భయమూ తగ్గుతుంది. నోటిఫికేషన్ వచ్చాక కాదు, దానికి కనీసం ఆరు నెలల ముందే ఇవ్వండి.

కోర్సువర్కు కనీసం 12 క్రెడిట్లు. అది హాజరు ఉండాల్సిందే. నేను అర్జిత సెలవు కొంత, వేసవి కొంత కలిపి నెట్టుకొచ్చాను. గుణుపురంలో బండి ఎక్కితే పర్లాకిమిడి, నౌపడా, పలాస మీదుగా బరంపురం. ఆ బండిలో కిటికీ పక్క సీటు దొరికితే పలాస దాకా చదువు సాగేది. పలాస నుంచి జనం ఎక్కేవాళ్ళు, ఇక చదువు లేదు.

గైడు

ఇది టాపిక్ కన్నా ముందు చూసుకోవాల్సిన విషయం. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి నలుగురు, అసోసియేట్ దగ్గర ఆరుగురు, ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది మాత్రమే ఉండొచ్చు. పెద్ద పేరున్నవాళ్ళ దగ్గర ఖాళీలు అరుదు. రిటైర్మెంటుకి మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోకూడదని కూడా ఇప్పుడు ఉంది. ఇది మంచి నిబంధన. నేను చేరిన మూడో ఏడాది మా గైడు గారు రిటైరయ్యారు. కొత్తగా వచ్చినవారు మంచివారే గానీ ఆయన పద్ధతి వేరు. సంఖ్యలంటే ఇష్టం ఆయనకి, నా పనంతా మాటల మీద, ముఖాముఖి సంభాషణల మీద. రెండు అధ్యాయాలు మళ్ళీ రాశాను. రాసినందుకు బాధ లేదు గానీ పదకొండు నెలలు పోయాయి.

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన లేదా ఆమె దగ్గర ఇదివరకు పూర్తిచేసినవాళ్ళ థీసిస్‌లు 'శోధగంగ'లో చదవండి. దేశంలోని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ అది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మూడు థీసిస్‌లు చదివితే ఆ గైడు విద్యార్థిని తన ఆలోచన రాయనిస్తారా, ఒకే అచ్చులో పోతపోస్తారా అనేది తెలిసిపోతుంది. ఆ తర్వాతే వెళ్ళి కలవండి. కలిసినప్పుడు ఒక పేజీ కాగితం చేతిలో ఉండాలి. 'సార్, ఏదైనా టాపిక్ ఇవ్వండి' అని మాత్రం అడగొద్దు.

టాపిక్, అంటే మీ ప్రశ్న

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను తప్పుచేసి నేర్చుకున్నది ఇక్కడే.

నాయకత్వం మీద పరిశోధన అనగానే చాలామంది ఒక విదేశీ ప్రశ్నావళి తెచ్చుకుంటారు. నేనూ అదే చేశాను. ఫిలిప్ హాలింజర్ అనే అమెరికా పరిశోధకుడు 1980ల మొదట్లో తయారుచేసిన కొలమానం ఒకటుంది, 50 వాక్యాలు. ప్రిన్సిపాల్ బోధనను ఎంత బాగా నడిపిస్తున్నారో టీచర్లు మార్కులు వేస్తారు. మంచి పనిముట్టు, ప్రపంచమంతా వాడారు. దాన్ని ఒడియాలోకి మార్చుకుని సవర గ్రామాల బడులకు పట్టుకెళ్ళాను. మొదటి బడిలోనే ఆగిపోయాను. అందులోని ప్రిన్సిపాల్‌కి ఒక ఆఫీసు గది ఉంటుంది, తరగతుల్లోకి వెళ్ళి చూసే తీరిక ఉంటుంది. మా దగ్గర హెడ్మాస్టరు కూడా సుద్దముక్క పట్టుకుని తరగతిలోనే ఉంటాడు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో పిల్లలు 150 దాటితేనే వేరుగా ప్రధానోపాధ్యాయుడి పోస్టు. కొండ మీద బడుల్లో అంతమంది ఎక్కడుంటారు?

ఆ ప్రశ్నావళి పక్కన పెట్టి, ఒక్కో మేస్టారికి ఒక పొడుగు నోటు పుస్తకం ఇచ్చాను. పదిహేను రోజులపాటు ఏ గంటకి ఏం చేశారో రాయమన్నాను. పక్కన నేను కొన్ని గడులు గీసిచ్చాను: పాఠం, బోధన పర్యవేక్షణ, లెక్కలు-రికార్డులు, తల్లిదండ్రులు, భోజనం, ఇతరం.

అందులో ఒక పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆయన అనుమతితో ఉంచుకున్నాను. అట్ట మీద పసుపు మరక. ఒక మార్చి నెల రోజు ఇలా ఉంది. 9.20కి తాళం తీశాను. 9.30 బియ్యం తూకం, 63 మంది, 6 కిలోల 300 గ్రాములు. 10 గంటలకు ప్రార్థన. 10.20 ఫోన్ వచ్చింది, పిల్లల ఆధార్ వివరాలు వెంటనే పంపమన్నారు, సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా వెళ్ళాను. 11 గంటలకు మూడు, నాలుగు తరగతులు కలిపి లెక్కలు. 11.15 వంటామె వచ్చి కట్టెలు అయిపోయాయంది. 11.40 మళ్ళీ లెక్కలు. ఒంటిగంటకు భోజనాలు. 2.40కి ఒక పిల్ల తల్లి వచ్చింది. 4.15 తాళం.

పదిహేను రోజులూ 'బోధన పర్యవేక్షణ' గడి ఖాళీ. ఆఖరి రోజు ఆ గడిలో అడ్డంగా ఒడియాలో ఒక వాక్యం రాశాడు: 'నేనూ తరగతిలోనే ఉంటే ఎవరిని పర్యవేక్షించాలి?'

పుస్తకం తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ 2.40 సంగతి అడిగాను. ఆ తల్లి, కూతుర్ని జీడితోటలో పనికి తీసుకెళ్తానని చెప్పడానికి వచ్చిందట. ఆయన ఆ సాయంత్రం బడి మూశాక తోటకి వెళ్ళి తోట బుగతతో మాట్లాడి, పరీక్షలయ్యే దాకా పిల్లని బడికి పంపేలా ఒప్పించి వచ్చారు. చీకటి పడ్డాక ఇంటికి చేరారు. 'ఇది పుస్తకంలో రాయలేదేం మేస్టారూ?' అంటే, 'అది బడి పని కాదు కదా గురుమా, గంట కొట్టాక చేసింది' అన్నారు.

అమ్మా, ఆ రోజు నా టాపిక్ మారింది. నేను కొలవడానికి వెళ్ళిన నాయకత్వం ఆయన రాయని గంటల్లో ఉంది. నా థీసిస్ చివరికి ఆ రాయని గంటల గురించే అయింది. సంఖ్యలు ఇష్టపడే మా రెండో గైడు గారు కూడా ఆ పుస్తకం ఒక్కటి చదివాక ఇక నన్ను మార్చమనలేదు.

కాబట్టి మీ ప్రశ్న మీ దగ్గరే ఉంది. ఇన్‌ఛార్జ్ హెడ్మిస్ట్రెస్ అన్నారు కదా, అసలు 'ఇన్‌ఛార్జ్' అనే ఆ మాటే ఒక పెద్ద టాపిక్. బాధ్యత మొత్తం మీది, పోస్టు మీది కాదు. సాటి టీచర్లు మీ మాట ఏ మేరకు వింటారు? ఎస్‌ఎంసీలో, అంటే బడి యాజమాన్య కమిటీలో, నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, కమిటీ మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి అని విద్యాహక్కు చట్టంలో ఉంది. మీ బడి మీటింగులో ఆ తల్లులు నోరు విప్పుతారా, వేలిముద్ర వేసి వెళ్ళిపోతారా? కోంధుల భాష కువి మాట్లాడే పిల్లలు, ఒడియా పుస్తకం, ఇంట్లో తెలుగు మాట్లాడే టీచరు ఉన్న బడిని నడపడంలో హెడ్మిస్ట్రెస్ ఏం చేయగలదు? ఇవన్నీ ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి దొరకని ప్రశ్నలు. మీరు వాటి మధ్య నిలబడి ఉన్నారు.

మన పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు బళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకి వాళ్ళ భాషలో పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఏళ్ళ తరబడి చేసిన పని అది. బడి పంతులు పరిశోధన చేయడం ఈ నేల మీద కొత్త కాదని ధైర్యం కోసం చెబుతున్నాను.

భాష విషయంలో ఒక హెచ్చరిక

మనం ఆలోచించేది తెలుగులో. అడిగేది ఒడియాలో. సమాధానం సవరలోనో కువిలోనో వస్తుంది. థీసిస్ ఇంగ్లీషులో. ఈ నాలుగు మెట్ల మీద అర్థం జారిపోతుంది. నేను మొదట్లో ఒడియాలో 'నేతృత్వ' అన్న మాట వాడి అడిగాను, నాయకత్వం అని. ఒకాయన కంగారుపడి 'నాకు రాజకీయాలతో సంబంధం లేదు గురుమా' అన్నారు. నేత అంటే ఆయనకి ఎన్నికల నాయకుడే. తర్వాత ప్రశ్న మార్చాను: 'స్కూల్ కథా కిఏ బుఝంతి?' అంటే, బడి మంచిచెడ్డలు ఎవరు చూసుకుంటారు అని. అప్పుడు ఒక్కొక్కరు గంటసేపు మాట్లాడారు. వంటామె పేరు చెప్పారు, ఊరి పెద్ద పేరు చెప్పారు, ఎనిమిదో తరగతి పిల్ల పేరు కూడా చెప్పారు. హెడ్మాస్టరు పేరు అన్నిసార్లూ రాలేదు.

అందుకని అసలు మాటను అసలు భాషలోనే రాసిపెట్టుకోండి, పక్కన ఇంగ్లీషు రాయండి. థీసిస్‌లో కూడా రెండూ ఉంచండి. పరీక్షకులు మెచ్చుకుంటారు, మీ నిజాయితీకి అదే సాక్ష్యం.

చేయకూడనివి

మీ సొంత బడి మీద పరిశోధన చేయొద్దు. మీ కింద పనిచేసే టీచరు మీ ప్రశ్నకి నిజం ఎలా చెబుతుంది? కాదని ఎలా అంటుంది? పక్క బ్లాకుకి వెళ్ళండి, జిల్లా విద్యాశాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, బడుల పేర్లు, మనుషుల పేర్లు మార్చి రాయండి. మీరు కూడా హెడ్మిస్ట్రెస్ అని తెలియగానే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారనుకుంటారు. మొదటి రెండు రోజులు నోటు పుస్తకం తీయకుండా పిల్లలతో కూర్చోండి.

డబ్బిచ్చి థీసిస్ రాయించుకోవద్దు. ఎవరో ఒకరు తప్పకుండా వచ్చి అడుగుతారు, మెత్తగా 'టైపింగ్ సాయం' అంటారు. 2018 నుంచి యూజీసీ నిబంధన ఉంది, ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే తిప్పి పంపుతారు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిబంధన అటుంచండి, ఆ మేస్టారు చీకట్లో నడిచి వెళ్ళిన దారి గురించి ఇంకెవరో మనకి ఎలా రాసిపెడతారు?

సమయం, ఇల్లు

గడువు ఆరేళ్ళు. మళ్ళీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ళు. ఆడవాళ్ళకి దానిపైన మరో రెండేళ్ళ సడలింపు ఉంది, మొత్తం పదేళ్ళు దాటకూడదు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకి 240 రోజుల దాకా సెలవు కూడా ఉంది. అయినా మనసులో అయిదేళ్ళే పెట్టుకోండి. ప్రతి ఆరునెలలకీ కమిటీ ముందు పని చూపించాలి. మొదట్లో అదంటే టెన్షన్ పడేదాన్ని, తర్వాత అదే నన్ను నడిపించింది.

నేను తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా రాసేదాన్ని. బోర్డు పరీక్షల రోజుల్లో ఒక్క అక్షరం ముట్టుకునేదాన్ని కాదు, ఆ రెండు నెలలు బడివి. మా ఆయన మొదటి ఏడాది ఊరుకున్నారు, రెండో ఏడాది 'ఇంకా ఎన్నాళ్ళు?' అన్నారు. అప్పుడు కూర్చోబెట్టి ఆ పసుపు మరక పుస్తకం చదివి వినిపించాను. ఆ తర్వాత ఆదివారాలు వంట ఆయనే చూసుకున్నారు. ఇంట్లోవాళ్ళకి మీరు దేని గురించి చదువుతున్నారో తెలియాలి. 'అమ్మ చదువుకుంటోంది' అంటే సరిపోదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు నా పని సగంలో ఉంది. రెండేళ్ళు దాదాపు పోయినట్టే. అప్పటిదాకా సేకరించినది పదేపదే చదివాను, అంతే.

ప్రయోజనం

ప్రమోషన్ వస్తుందని లెక్కవేసుకుని చేరకండి, బడి సర్వీసులో ఈ డిగ్రీ నాకు ఒక్క మెట్టు కూడా ఎక్కించలేదు. బి.ఎడ్. కాలేజీ వైపు వెళ్ళాలనుకుంటే సంగతి వేరు. అక్కడ ప్రిన్సిపాల్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి, దానితోపాటు ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో ఎనిమిదేళ్ళ బోధనానుభవం కూడా అడుగుతారు. 39 ఏళ్ళకి మొదలుపెడితే మీకు ఆ దారి తెరిచే ఉంటుంది, నాకు వయసు దాటిపోయింది. జాతీయ విద్యా విధానం 2020 హెడ్మాస్టర్లకి కూడా ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ శిక్షణ ఇచ్చేవాళ్ళు మన జిల్లాల బడులు తెలిసినవాళ్ళైతే ఎంత బాగుంటుంది! మీలాంటివాళ్ళు రావాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే.

నా వరకు వచ్చిన మార్పు మా స్టాఫ్ మీటింగులో కనిపించింది. అంతకుముందు సర్క్యులర్లు చదివి సంతకాలు పెట్టించేదాన్ని. థీసిస్ మధ్యలో ఉండగా అది ఆపేశాను. సర్క్యులర్లు బోర్డుకి అంటించి, మీటింగులో ఒకే ఒక్క ప్రశ్న అడిగేదాన్ని: ఈ వారం గంట కొట్టాక ఎవరు ఏం చేశారు? మొదటి వారం ఎవరూ మాట్లాడలేదు. మూడో వారం మా సైన్సు మేస్టారు, తాను ఆరు నెలలుగా సాయంత్రాలు ఇద్దరు పిల్లల్ని సైకిల్ మీద ఇంటి దగ్గర దింపి వస్తున్నానని చెప్పారు. ఒకే స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటూ మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. దరఖాస్తు, ఫీజు, గైడు అన్నీ పక్కన పెట్టి ఒక పొడుగు నోటు పుస్తకం కొనండి. రేపటి నుంచి పదిహేను పని దినాలు మీ రోజు రాయండి, గంట కొట్టక ముందు, కొట్టాక కూడా. గడులు గీయకండి. పదిహేనో రోజున మొత్తం చదివి, ఏ పేజీ దగ్గర మీకు కోపమో ఏడుపో వచ్చిందో ఆ ఒక్క పేజీ ఇక్కడ రాయండి. టాపిక్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.